కర్రపెత్తనం

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో రెండు పడగ్గదులు, ఒక గ్యారేజీ గల ఇంటి ఇల్లాలిని, పూర్తి స్పృహతో చేసుకునే మనవి ఏమనగా: పై ఆస్తిలో గ్యారేజీ అనబడే భాగాన్ని రెండేళ్లుగా పాత కర్ర ఆక్రమించుకుని ఉంది. కబ్జాకు సహకరించినవారు మా ఆయన.

పాపం నాదే. రెండేళ్ల కిందటి సంక్రాంతికి బొమ్మల కొలువుకి ఐదు మెట్లు చేసిపెట్టమన్నాను. షాపులో చెక్క కొనుక్కొస్తే ఒక శనివారం పని. “కొనడమా? ఈ దేశంలో చెక్క రోడ్డు మీద దొరుకుతుందే!” అన్నారు.

దొరుకుతుంది. గోదాముల వెనక సరుకు దించేసిన ప్యాలెట్లు గుట్టలుగా ఉంటాయి. మా నాన్న రాజమండ్రిలో ద్వారబంధానికి టేకు కొన్నప్పుడు అడితిలో నాలుగు దుంగలు తట్టి, వాసన చూసి, బేరం తెంపుకుని వచ్చారు. ఈయనది వేరే శాస్త్రం. అనుమతి అడిగి, వానలో గొంతుక్కూర్చుని, ఫోన్ లైటు వేసి ప్యాలెట్ పక్కన కాల్చిన ముద్ర చదువుతారు. గోధుమ కంకి బొమ్మ, దాని పక్కన అక్షరాలు. హెచ్.టి. అని ఉంటే చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడి అరగంట పట్టించారని, పురుగు చచ్చిందని. ఎమ్.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ వేశారని, ఇంటికి తేకూడదని. మా పెళ్లికి నా జాతకం కూడా ఇంత శ్రద్ధగా చూడలేదాయన.

నీలం రంగు ప్యాలెట్లు మాత్రం ముట్టరు. అవి చెప్ అనే కంపెనీవి, అద్దెకు తిరుగుతాయే తప్ప అమ్మకానికి రావు. ఏ గోడ పక్కన పడున్నా పుట్టింటి పిల్లలే.

తరవాత స్కిప్పుల మీద పడ్డారు. ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు వాకిట్లో పెట్టించుకునే ఇనప చెత్తతొట్టి అది. చెత్తయినా ఒకరి సొత్తే. అడక్కుండా తీస్తే దొంగతనం కిందికి రావచ్చు. అందుకని హైదరాబాద్‌లో పక్కింట్లో చారెడు పంచదార అడగడానికి సిగ్గుపడ్డ మనిషి, ఇక్కడ తలుపు తలుపూ తట్టి “మీ చెత్త నేను తీసుకోవచ్చా?” అని చక్కటి ఇంగ్లీషులో అడుగుతున్నారు. ఒక పెద్దావిడ జాలిపడి రెండు వాసాలతో పాటు బిస్కెట్ల పొట్లం కూడా ఇచ్చింది.

ఇక ఊడదీయడం. ప్యాలెట్ మేకులు మెలితిరిగి ఉంటాయి, రావడానికి పుట్టినవి కావు. మేకు వచ్చేసరికి చెక్క చీలుతుంది. చెక్క దక్కితే మేకు తల తెగి లోపలే దాక్కుంటుంది. అలా దాక్కున్న ఒకటి చిత్రిక మిషను బ్లేడుని కొరికేసింది. ఒక శనివారం మొత్తానికి తేలిన లెక్క: మూడు ప్యాలెట్లు, పదకొండు నిండు చెక్కలు, నా ఇడ్లీపిండి బేసిన్ నిండా మేకులు, అయ్యగారి బొటనవేల్లో పేడు.

“కట్టడాల దగ్గర మిగిలిన కలప పోగుచేసి చవగ్గా అమ్మే సేవాసంస్థలున్నాయి కదండీ. 1998లో బ్రైటన్‌లో మొదలై ఎన్నో ఊళ్లకి పాకాయి. అక్కడ కొనండి” అన్నాను. “చవక వేరు, ఉచితం వేరు” అన్నారు. ఆ ఉచితానికి కోత మిషను, దాని బ్లేళ్లు, చిత్రిక బ్లేడు, మేకు ఎక్కడుందో కూసి చెప్పే యంత్రం, వ్యాను అద్దె కలిపి ఇప్పటికి 214 పౌండ్లు. అర్ధణా కోడికి ముప్పావలా దిష్టి.

పోయిన వేసవిలో లండన్ లిబర్టీ షాపుకి తీసుకెళ్తే, ప్రింటు బట్ట కొంటారనుకున్నాను. ఆయన లోపలికెళ్లి దూలాలు చూస్తూ నిలబడ్డారు. 1924లో ఆ భవనాన్ని ఇంప్రెగ్నబుల్, హిందుస్తాన్ అనే రెండు పాత యుద్ధనౌకల కలపతో కట్టారట. “చూశావా, అంతటివాళ్లూ పాత కర్రే వాడారు.” “వాళ్లు కట్టారండీ. మీరు పేర్చారు.” బట్ట కొనలేదు.

నవంబరు 5న ఊరంతా పండగ. 1605లో పార్లమెంటును పేల్చబోయి దొరికిపోయిన గై ఫాక్స్ పేరు చెప్పి మంటలు వేస్తారు. ఆ మంటల్లో భగ్గుమనే ప్యాలెట్లని చూసి ఈయన పరామర్శకొచ్చినవాడిలా నిలబడతారు. “మనకీ భోగి వస్తుందిగా” అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు.

భోగి వచ్చింది. మెట్లు రాలేదు. కొండపల్లి బొమ్మలు పెట్టెలోంచి తీసి ఎక్కడ పెట్టాలో తెలియక గ్యారేజీ తలుపు తెరిచాను. పావు కోసి వదిలేసిన ప్యాలెట్లు, సగం కోసి వదిలేసినవి, అసలు కోయనివి. ఎత్తు వారీగా హాల్లో ఒకదాని వెనక ఒకటి పేర్చి పట్టుచీర పరిచాను. సరిగ్గా ఐదు మెట్లు. ఇంట్లో చేయి తిరిగినవాళ్ల పనితనం కనిపించే చెక్క ఏదైనా ఉందంటే, సూట్‌కేసులో వచ్చి పైమెట్టెక్కిన ఆ తెల్లపొణికి కర్ర బొమ్మలే.

పేరంటానికి వచ్చినవాళ్లు మెట్లు ఎవరు చేశారని అడిగారు. ఆయన సన్మానానికి పిలిచినట్టు ముందుకొచ్చారు. ఇంతలో ఒక చిన్నపిల్ల చీర అంచు ఎత్తి, “ఆంటీ, హెచ్.టి. అంటే ఏంటి?” అంది.

ఆయన నోరు తెరిచేలోపే నా నోటి నుంచి వచ్చేసింది: “నడిబొడ్డు దాకా కాగిందని అర్థం అమ్మలూ. 56 డిగ్రీలు, అరగంట.”