బండి కాగతా ఉండాదా నా?

బైరెడ్డిపల్లె బస్టాండులో టీ తాగడం మానేస్తే తప్ప నాకింక మనశ్శాంతి లేదు. బుల్లెట్టుకు స్టాండు వెయ్యకముందే ఎవడో ఒకడు వంగి నా మోకాలి పక్కకు తొంగి చూస్తాడు. "నా, ఈ పొద్దు ఎంత కాగింది?"

ఇంజనాయిలు మూత తీసేసి దాని చోట థర్మామీటరున్న మూత బిగించిన రోజు నుంచి ఇదే వరస. అడుగున ఆయిల్లో మునిగే సన్నటి కడ్డీ, పైన బొటనవేలంత డయలు, అందులో ఎర్ర ముల్లు. అంతకుముందు నేను ఎవరికీ పట్టని మనిషిని. నాకు జ్వరమొస్తే వాకిట్లోంచే "మాత్ర ఏసుకో" అని చెప్పి పోయేవాళ్లు, బండి జ్వరానికి మాత్రం గొంతుక్కూచుని మరీ పరామర్శిస్తున్నారు.

సలహాలకు కరువు లేదు. ఇంజను మీద తడి గోనెపట్టా కప్పమంటాడు ఒకడు. చెంబుడు చన్నీళ్లు చల్లమంటాడు ఇంకొకడు. కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగుళ్లిస్తుందయ్యా అంటే, "మా నాయన రాజ్‌దూత్ మీద చల్లినాడు, ఏమీ కాలేదు" అంటాడు. ఆ రాజ్‌దూత్ ఇప్పుడెక్కడుందో మాత్రం చెప్పడు. పాలాయన పెట్రోల్లో కొంచెం ఆయిలు కలపమన్నాడు. అది టూ స్ట్రోకు బండ్ల మర్యాద, నాది ఫోర్ స్ట్రోకు అన్నాను. "ఏ స్ట్రోకైనా ఆయిలు ఆయిలే కదప్పా" అని నా అజ్ఞానానికి జాలిపడి పోయాడు.

అందరికంటే ఘనుడు కాలేజీ కుర్రాడు. ఆయిలు డబ్బా మీద 20 డబ్ల్యూ 50 అని చదివి తీర్పు చెప్పాడు: "యాభై డిగ్రీల దాకా తట్టుకుంటాది మామా. బయట ముప్పై తొమ్మిదే ఉండాది. ఇంకా పదకొండు మిగిలుండాది, భయం లేదు." ఆ యాభై ఉష్ణోగ్రత కాదని, నూరు డిగ్రీల దగ్గర ఆయిలు ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే గ్రేడని, ముందున్న ఇరవై చలికాలపు సంగతని వివరించబోయాను. అప్పటికే వాడు ఫోనులో మునిగిపోయాడు. టీ బంకు దగ్గర మాత్రం ఆ పదకొండు డిగ్రీల లెక్క ఇప్పటికీ చలామణీలో ఉంది.

అసలు సంగతి చిన్నది. నీళ్లు, రేడియేటరు లేని ఇంజనుకు దిక్కు రెండే, గాలీ ఆయిలూ. బయటి రెక్కల వేడిని గాలి పట్టుకుపోతుంది. పిస్టను అడుగునా, బేరింగుల దగ్గరా ఉన్న వేడి గాలికి అందదు, ఆయిలే మోసుకురావాలి. పాత పోత ఇనుము బుల్లెట్టులో ఇంజను కేసులోనే ఒక అర ఉంటుంది, అందులో రెండు లీటర్ల చిల్లర ఆయిలు. ఒక పంపు దాన్ని తోస్తుంది, ఇంకో పంపు కిందికి కారినదాన్ని వెనక్కి లాగి అరలో పోస్తుంది. ఆ ఆయిలు తొంభైకీ నూట ఇరవైకీ మధ్య ఉంటే ఇంజనుకు సుఖం. నూట ముప్పై దాటిందా, పలచబడిపోతుంది. అక్కణ్ణుంచి పెరిగే ప్రతి పది డిగ్రీలకూ ఆయిలు చెడిపోయే వేగం సుమారు రెట్టింపు. పిస్టను పట్టేసేది అప్పుడే.

డయలు పెట్టుకున్నది ఇందుకే. కానీ అది ట్యాంకు కింద దాక్కుని ఉంటుంది, నడిపేవాడికి కనబడదు. చూడాలంటే ఆపాలి. ఆపితే గాలి ఆగుతుంది, గాలి ఆగితే ఇంజను ఇంకా కాగుతుంది. వేడి ఎంతుందో చూడ్డానికి వేడి పెంచాల్సి రావడమనే ఈ ఏర్పాటుకు నేను డబ్బు కూడా ఇచ్చాను.

ఈ విషయంలో ఏనుగు నయం. నవ్వొద్దు. మా పక్కనే కౌండిన్య అభయారణ్యం ఉంది కాబట్టి ఏనుగుల గురించి మాట్లాడే హక్కు మాకుంది. 1980ల్లో అవి తమిళనాడు వైపు నుంచి నడుచుకుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. 1990లో ప్రభుత్వం ఆ అడవిని అభయారణ్యం చేసింది. అంటే అద్దెకొచ్చినవాళ్ల పేర ఇల్లు రాసిచ్చింది. ఏనుగుకు మనలాగ చెమట పట్టదు. మూడు నాలుగు టన్నుల ఒళ్లు, లోపల రోజంతా మేత అరుగుతూ ఉంటుంది, అది పుట్టించే వేడి అంతా ఇంతా కాదు. ఆ వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి చెవులు. పలచటి చర్మం, దాని కింద వలలాగ రక్తనాళాలు. వేడి రక్తం చెవిలోకి వస్తుంది, చెవి ఊగుతుంది, చల్లబడ్డ రక్తం లోపలికి పోతుంది. ఇక్కడ రక్తమే ఆయిలు, చెవులే రెక్కలు. తేడా అల్లా ఏమిటంటే, ఏనుగు నిలబడ్డచోటే చెవులు ఊపుకుంటుంది. నా బండి ఊపుకోలేదు. జనం మధ్య ఇరుక్కున్నప్పుడు ఈ ఇనుప రెక్కలు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఊగితే ఎంత బాగుండు!

పైగా ఏనుగు మధ్యాహ్నం బయటికి రాదు. నీడలో నిలబడి, ఒంటికి బురద పూసుకుని, రాత్రి పూట పని పెట్టుకుంటుంది. ఆ పని మా వాళ్ల చెరుకుతోటలో కావడం వేరే బాధ. కందకాలు తవ్వారు, సోలారు కంచెలు కట్టారు, అడవి ఏనుగుల్ని తరమడానికి కర్ణాటక నుంచి తర్ఫీదు పొందిన కుంకీ ఏనుగుల్నీ తెచ్చారు. తోట పోయిన రైతు టీ బంకుకొస్తే "అయ్యో" అని ఒక్క మాట అంటారు. వెంటనే నా వైపు తిరిగి "నీ బండి ఎంత కాగిందినా?" అంటారు. ఆ రైతు కూడా కళ్లు తుడుచుకుని వంగి చూస్తాడు. అదీ నా ఒళ్లు మండే సంగతి. ఈ మండలంలో ఆరా తియ్యాల్సిన వేడి నా ఇంజనొక్కటేనా?

ఏనుగుల్లోకి ఎందుకు పోయాను? ఆ, ఉష్ణోగ్రత.

ఇంతమంది ఇంత దిగులు పడిన ఆ ముల్లు, మొన్న పుంగనూరు మెకానిక్ దగ్గరికి తీసుకుపోయేదాకా, అరవై రెండు దాటిన పాపాన పోలేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా అరవై, అరవై రెండు. ముల్లు పాడయిందేమోనని మెకానిక్ కడ్డీని మరిగే నీళ్లలో ముంచాడు. నూటికి కొంచెం తక్కువ చూపించింది. మాది రెండు వేల అడుగుల పైనుండే నేల, నీళ్లు కాస్త ముందే మరుగుతాయి కాబట్టి అదీ సరిగ్గానే ఉన్నట్టు. తరవాత మూత లోపలి వైపు చూపుడువేలు పెట్టి తీసి నా ముఖం ముందు పెట్టాడు. వేలికి తెల్లటి జిడ్డు.

"నీళ్లు సార్" అన్నాడు.

"నేను ఏ వంకలోకీ దింపలేదే?"

"బయటి నీళ్లు కాదు. పెట్రోలు కాలినప్పుడు పుట్టే ఆవిరి. ఆయిలు బాగా కాగితే ఆ నీళ్లు మూత గొట్టంలోంచి పోతాయి. కాగకపోతే ఆయిల్లోనే కలిసి ఇట్లా అవుతాది. మీరు బండిని యాడికి తోలతా ఉండారు?"

పాల సొసైటీకి. బస్టాండుకి. బ్యాంకుకి. ఊళ్లోనే చెల్లెలింటికి.

"ఇంజనుకు వేడి చాలడం లేదు సార్" అని తేల్చేశాడు. "వారానికొకసారన్నా ముప్పావు గంట ఆపకుండా తోలండి. యాడికైనా సరే."

యాడికైనా సరే అంటే మాటలా? ఇంటికొచ్చేదాకా అదే ఆలోచించాను. ఒకప్పుడు ఈ బండి మీద ముగ్గురు స్నేహితులం ఎక్కి, పోలీసుల్ని తప్పించుకుంటూ మదనపల్లె దాటి హార్స్‌లీ కొండ ఎక్కేవాళ్లం. సగం ఘాటులో ఇంజను అరిచి గోల పెట్టేది. ఆపి, రాళ్ల మీద కూచుని, అది చల్లబడేదాకా వేరుశనక్కాయలు తినేవాళ్లం. డయలూ లేదు, డిగ్రీలూ తెలీవు. చెయ్యి దగ్గర పెట్టి చూసి "ఇంగ పోదామా" అనుకునేవాళ్లం. వాళ్లలో ఒకడు బెంగుళూరులో కొడుకు దగ్గరున్నాడు, ఏడో అంతస్తులో, మనవడి స్కూలు బస్సు టైముకు కట్టుబడి. ఫోను చేస్తే "కార్లో రారా, ఆ ఇనుము మీద ఎందుకు" అంటాడు. ఇంకొకడికి ఫోను చేసే వీలు లేదు, వాడు పోయి చాన్నాళ్లయింది. కుప్పంలో చూడాల్సినవాళ్లు లేరు, పుంగనూరులో మెకానిక్ ఒక్కడే మిగిలాడు. నిలబెట్టి ఇంజనును ఎంతసేపైనా ఆడించొచ్చు, ఆయిలు ఎలాగోలా కాగుతుంది. కానీ మెకానిక్ చెప్పింది అది కాదు, తోలమని.

దారి చివరికి మా ఆవిడే చెప్పింది. సరిహద్దు దాటితే నంగిలి, కర్ణాటక. అక్కడ పెట్రోలు మనకంటే చవక. ఈ పక్క ఊళ్లవాళ్లు పోయి పట్టించుకు రావడం కొత్త కాదు. "ఎట్లాగూ తిరగాలంటా ఉండాడు కదా మెకానిక్, పోయి ట్యాంకు నింపుకుని రాపో. వస్తా వస్తా నాలుగు కట్టలు కొత్తిమీర తీసుకురా" అంది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం నంగిలి పోతున్నాను. మొదటి వారం బంకులో ఆపి, వంగి చూశాను. తొంభై నాలుగు. పెట్రోలు కొట్టే కుర్రాడు నాతోపాటు వంగాడు. వాడికి తెలుగూ వచ్చు, కన్నడమూ వచ్చు. ఏ భాషలో అడగాలో ఒక్క క్షణం ఆలోచించి రెండింట్లోనూ అడిగాడు. పోయి రావడానికే కాలిపోయే పెట్రోలు తీసేస్తే మిగిలేదెంత అని లెక్క వెయ్యబోతే మా ఆవిడ కాగితం లాక్కుంది. కొత్తిమీర మాత్రం నంగిలిలోనే ప్రియం.