కోతుల చదువు

ఇంగ్లండుకు పోయే ముందురోజు కాళ్లకు మొక్కితే, మా బాపమ్మ దీవెన తర్వాతి సంగతన్నట్టు ముందు ఓ ప్రశ్న అడిగింది.

"ఏం సదువుకు పోతున్నవే బిడ్డా?"

"కోతులను కాపాడే సదువు బాపమ్మా."

అప్పుడామె చేతిలో గులేరు ఉంది. పక్కన గంపెడు రాళ్లున్నాయి. తెల్లారేసరికి బీరపాదు పందిరితో సహా నేలకొచ్చింది. గూనపెంకల మీద కూచుని బీరపిందె కొరుకుతున్న కోతినీ నన్నూ మార్చి మార్చి చూసి, "కోతుల కాన్నుంచి మనల్ని కాపాడే సదువు ఆడ చెప్పరా?" అంది.

ఏడాది ఫీజు కట్టినా ఈ ప్రశ్నకు జవాబు నాకు దొరకలేదు.

లోను దగ్గరా ఇదే తంతు. బ్యాంకాయన దరఖాస్తు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివి, "ప్రైమేటా, ప్రైవేటా అమ్మా?" అన్నాడు. మా అమ్మ పెళ్లిళ్ల పేరయ్యకు 'పర్యావరణం' అని చెప్పి ఊరుకుంది. బాపు మాత్రం ఊరంతా "మా బిడ్డకు ఆక్స్‌ఫర్డ్‌ల సీటొచ్చింది" అని చాటాడు. ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయాలు రెండున్నాయి. ఒకటి వందల ఏళ్ల నాటిది. రెండోది ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్, 1992లో విశ్వవిద్యాలయం హోదా వచ్చింది. నాది రెండోది. హుస్నాబాద్ దాకా వచ్చేసరికి ఆ 'బ్రూక్స్' దారిలో ఎక్కడో జారిపోయింది. బాపు వెతకలేదు, నేనూ అందివ్వలేదు.

అయితే కోతుల చదువుకు పేరున్నది ఈ రెండోదానికే. సైమన్ బేర్డర్ అనే పెద్దమనిషి 2000లో అక్కడ ప్రైమేట్ల, అంటే కోతులూ వాటి చుట్టాల, సంరక్షణ మీద ఎమ్మెస్సీ మొదలుపెట్టారు. క్లాసులో రకరకాల దేశాల వాళ్లం. మన దగ్గర కొత్త మనిషి కనబడితే ఊరూ పేరూ అడిగి, కాసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి "మీరేమిట్లు?" దగ్గర ఆగుతాం కదా. అక్కడ అంత మొహమాటం కూడా లేదు. మొదటి ప్రశ్నే "నీదే జాతి?"

"నాది గిబ్బన్."

"మాది లెమూర్."

"నేను చింపాంజీలు."

చింపాంజీల వాళ్లు ఒక బల్ల, లెమూర్ల వాళ్లు ఇంకో బల్ల. గొరిల్లాల వాళ్లు కాస్త పైమెట్టు మీద ఉన్నట్టు నడుస్తారు. జాతి పట్టింపు తప్పించుకుందామని అన్ని సముద్రాలు దాటి పోయాను! నా వంతు వచ్చినప్పుడు "మా ఇంటి మీద దూకే కోతి" అన్నాను. అందరూ జాలిగా చూశారు. మా ఇంటి మీద దూకేది ఎర్రమూతి రీసస్. ముప్పులో ఉన్న జీవుల జాబితా వేసే ఐయూసీఎన్ దీన్ని 'పెద్దగా బెంగ లేదు' అనే గడిలో వేసింది. నడినెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు జుట్టుండే మన దక్షిణాది బానెట్ కోతిదే ముప్పు. ఉత్తరాది రీసస్ కిందికి దిగుతూ దాని జాగాలు పట్టేస్తోంది. ఫోన్లో బాపమ్మకు ఈ బెంగ లేని గడి సంగతి చెప్తే, "అన్నదెవడే? వాన్నొచ్చి మా మక్కచేన్ల ఒక్క దినం పండుకోమను" అంది.

కోతిని చూడటం ఎలాగో నేర్పడానికి జీన్ ఆల్ట్‌మన్ అనే ఆవిడ 1974లో రాసిన వ్యాసం చదివించారు. ఈ శాస్త్రంలో అదే పెద్దబాలశిక్ష. ఒక్క జంతువునే పట్టుకుని, గడియారం చూసుకుంటూ, అది తిన్నా గోక్కున్నా రాసుకోవాలి. దానికంటే ముందు ఏది ఏదో గుర్తుపట్టాలి: తెగిన చెవి, వంకర తోక, మూతి మీద గాటు. దగ్గర్లోని జంతుశాలలో సాధన చేశాం. రెండు కోతుల్ని విడివిడిగా పోల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మా బాపమ్మకు 'చెవి తెగిందీ', 'కుంటిదీ', 'దొంగముండా' ఏళ్లుగా తెలుసు. ఏది ఎవరి బిడ్డో, ఎవరికీ ఎవరికీ మాటల్లేవో కూడా తెలుసు. ఆమె పరిశోధన అచ్చు కాలేదంతే.

ఎండాకాలం పరిశోధనకు పశ్చిమ జావాలోని చిపగంటి పోయాను. పేరు కోనసీమ ఊరిలా ఉంటుంది గానీ గరుత్ జిల్లా, కొండవాలు, రాత్రయితే చలి. అక్కడ స్లో లోరిస్ ఉంటుంది. మన శేషాచలం అడవుల్లోని దేవాంగపిల్లికి దగ్గరి చుట్టం. బ్రూక్స్ ప్రొఫెసర్ ఆనా నెకారిస్ 2011లో ఈ లోరిస్ కోసమే అక్కడ 'లిటిల్ ఫైర్‌ఫేస్' ప్రాజెక్టు పెట్టారు. ఇది రాత్రి తిరిగే జీవి. కాబట్టి మేమూ రాత్రి తిరిగే జీవులమే. నెత్తికి ఎర్ర లైటు, చేతిలో యాంటెనా. లోరిస్ మెడలోని రేడియో పట్టీ సంకేతానికి మా చేతిలోని రిసీవర్ 'టిక్, టిక్' అంటుంటే, చప్పుడు పెరిగే వైపు యాంటెనా తిప్పుకుంటూ పోవాలి. దూరదర్శన్ రోజుల్లో పెంకుల మీద నిలబడి, "వచ్చిందా?" "లే, ఇంక కొంచెం తూర్పుకు!" అని అరిపించుకున్న అనుభవం వృథా పోలేదు. క్లాసులో ఏ గొరిల్లా వాళ్లకూ నా అంత ఒడుపు లేదు.

పేరులో 'స్లో' ఉందని నమ్మకూడదు. మొదటి రాత్రి లోరిస్ పైపు మీదుగా అవతలి చేనుకు పోయింది, నేను క్యాబేజీ మడిలో మోకాలి దాకా దిగబడ్డాను. ఆ పైపు సంగతి చెప్పాలి. చేనుకూ చేనుకూ మధ్య చెట్లు కొట్టేస్తే లోరిస్‌కు దాటే దారి ఉండదు. అందుకని ప్రాజెక్టువాళ్లు నీళ్ల పైపులు చెట్టుకూ చెట్టుకూ మధ్య కట్టారు. లోపల రైతుకు నీళ్లు, పైన లోరిస్‌కు బాట. ఆ ఊళ్లో బెంగళూరు వంకాయ పందిళ్ల మీద కూడా లోరిస్ నడుస్తుంటే ఎవరూ రాయి విసరలేదు. నాకు మా బీరపందిరి గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే లోరిస్ బీరపిందెలు తెంపదు, జిగురూ పూల తేనే నాకుతుంది. అది కూడా పందిరి లాగితే అప్పుడు చూద్దుం.

రెండు చేతులూ నెత్తిమీదికెత్తిన లోరిస్ ఫొటో ఇంటికి పంపాను. బాపు మురిసిపోయాడు. "దండం పెడుతున్నదిరా, ఎంత బుద్ధిమంతురాలు!"

"దండం కాదు బాపూ. మోచేతి లోపలి పక్క గ్రంథి ఉంటది, దాని నూనె నాకి ఉమ్మితో కలిపితే విషం. కరవనీకి తయారైతున్నది."

బాపు చాలాసేపు మాట్లాడలేదు. "మన కోతులే నయం," అన్నాడు చివరికి.

పట్టా పట్టుకుని 2022 చివర్లో ఇంటికొచ్చేసరికి బాపు నాకోసం ఓ పేపరు ముక్క దాచిపెట్టాడు. మా జిల్లాలోనే కోహెడలో ఒక రైతు కోతుల్ని బెదరగొట్టడానికి ఎలుగుబంటి వేషం కొని, అది తొడుక్కుని చేన్లో తిరగడానికి రోజుకు 500 ఇచ్చి మనిషిని పెట్టుకున్నాడని వార్త. "నెలకు పదిహేను వేలు. లోను కిస్తీకి సాల్తదా?" అన్నాడు బాపు. ఎగతాళో లెక్కో ఇప్పటికీ తెలీదు. నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం ఉందని, నా చదువుకు తగిన జాగా అలాంటిదని చెప్పబోయాను. బాపమ్మ అడ్డొచ్చింది.

"ఆ ఎలుగుబంటి నాలుగొద్దులే. లోపట మనిషేనని కోతులకు తెలుస్తది."

దీన్నే మేం 'హాబిచుయేషన్' అంటాం. దాని మీద మాకు ఒక పూట క్లాసు.

"అన్నట్టు చెవి తెగిందానికి మొన్న మంగళారం పిల్ల పుట్టింది," అంది బాపమ్మ. నేను నోట్‌బుక్ తీసి తేదీ వేసుకున్నాను. దొడ్లో జామచెట్టు కొమ్మ మీద అది పిల్లను పొట్టకు కరిపించుకుని దోరకాయ కొరుకుతోంది. గులేరు బాపమ్మ ఒళ్లోనే ఉంది.

"కొట్టవా?"

"బాలింత గదనే. తిననీ. ఆ దొంగముండను రానీ, దాని సంగతి చెప్త."