బాకీ పార్టీది, కట్టాల్సింది ఓటరు

"పార్టీకి ఇంత చేసినాయనకి ఒక్క చాన్సు ఇవ్వొద్దా?" ఎన్నికల ముందు ఏ పార్టీ ఆఫీసుకెళ్లినా ఈ మాట వినబడుతుంది. ఇచ్చుకోండి, ఎవరొద్దన్నారు? ఆ ఖర్చు ఓటరు ఖాతాలో ఎందుకు రాస్తారన్నదే నా సందేహం.

ఈ పద్దును అందరికంటే శ్రద్ధగా రాసింది భారతీయ జనతా పార్టీ. 2007 డిసెంబరులో లాల్‌కృష్ణ అద్వానీని ప్రధాని అభ్యర్థిగా ప్రకటించింది. అప్పటికి ఆయనకు 80 నిండాయి. పార్టీ ఆయనకు బాకీ పడ్డ మాట నిజమే. 1984లో లోక్‌సభలో 2 సీట్లున్న పార్టీ 1991కి 120కి చేరిందంటే అందులో ఆయన కష్టం ఎంతో పార్టీలో పసివాడికైనా తెలుసు. (సోమనాథ్‌లో బయల్దేరిన ఆయన రథయాత్రకి దేశం కట్టిన ఖరీదు వేరే పుస్తకంలో ఉంది.) ఆరేళ్లు వాజ్‌పేయి వెనకే నిలబడ్డారు. ముందున్నాయన తప్పుకున్నారు గనక ఇక వంతు ఈయనది. జనం అడిగారా అన్న ప్రశ్న ఎవరికీ తోచినట్టు లేదు.

నినాదం మాత్రం జోరుగా కుదిరింది: "మజ్‌బూత్ నేతా, నిర్ణాయక్ సర్కార్". ఇంటర్నెట్ తెరిస్తే చాలు, అద్వానీ ప్రకటనలే. ఎదుటి మనిషేమో బలహీన ప్రధాని అట. జీవితంలో ఒక్కసారి లోక్‌సభకు నిలబడి, 1999లో దక్షిణ ఢిల్లీలో ఓడిపోయిన మన్మోహన్ సింగ్! అంత నెమ్మదస్తుడూ నోరు విప్పి కాందహార్ విమాన హైజాక్ సంగతి ఎత్తేసరికి, ఉక్కు మనిషిగా పేరున్న అద్వానీ వర్గం ఉలిక్కిపడింది. ఉగ్రవాదులను విడిచిపెట్టిననాడు హోంమంత్రి ఎవరో వేరే చెప్పాలా?

మన వైపు ఇంకా ముచ్చట. 2004లో వాజ్‌పేయి పక్కన నిలబడ్డ చంద్రబాబు 2009కి కమ్యూనిస్టులతో కలిసి మహాకూటమి కట్టారు. ఆ కూటమిలోనే ఉన్న కేసీఆర్, ఇక్కడ పోలింగు ముగిశాక, లెక్కింపుకు ఆరు రోజుల ముందు లుధియానా వెళ్లి ఎన్డీయే వేదికెక్కారు. పెట్టెలు తెరిస్తే టీఆర్ఎస్‌కు 2, ఆంధ్రప్రదేశ్ మొత్తం 42 స్థానాల్లో బీజేపీకి సున్నా. దేశంలో ఆ పార్టీ 138 నుంచి 116కి దిగింది, కాంగ్రెస్ 145 నుంచి 206కి ఎక్కింది. ఒక్క లోక్‌సభ ఎన్నికా గెలవని మనిషి మళ్లీ ప్రధాని అయ్యారు. గాంధీనగర్‌లో అద్వానీ మాత్రం నిక్షేపంగా గెలిచారు. సొంత సీటు గెలవడం వేరు, దేశాన్ని గెలవడం వేరు అని తెలుసుకోవడానికి పార్టీ కట్టిన ట్యూషన్ ఫీజు 22 సీట్లు.

తర్వాత కథ తెలిసిందే. 2013 జూన్‌లో మోదీకి ప్రచార బాధ్యత ఇస్తే అద్వానీ అలిగి పదవులకు రాజీనామా చేశారు, మర్నాడే వెనక్కి తీసుకున్నారు. 2014 ఆగస్టులో ఆయన్ని సలహాలకే పరిమితమైన మార్గదర్శక మండలికి పంపారు. 81 ఏళ్ల వయసులో దేశాన్ని మోయగలడని పోస్టర్లు వేసిన పార్టీ, 86 ఏళ్ల వయసులో తన పార్లమెంటరీ బోర్డులో ఆయనకు కుర్చీ లేదంది. ఆ లెక్క తేల్చడానికి మాత్రం ఓటరు సాయం అడగలేదు.