తలలు ఊపించే విద్య

ఆటోమేటిక్ కారు కొన్నంత మాత్రాన సరిపోదు. ప్రతి సిగ్నల్ దగ్గరా లోపల కూర్చున్నవాళ్ళంతా గంగిరెద్దుల్లా తలలూపేలా దాన్ని ఆపడం రావాలి. హైదరాబాదులో, అందులోనూ సాయంత్రం పూట జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ వైపు వెళ్ళేవారికి సాధనకు కొదవ లేదు. బండి ఇరవై దాటేలోపే ఆపాల్సి వస్తుంది. ఇంత మంచి రోడ్డు ఉండి కూడా కొందరు మెత్తగా నడుపుతున్నారంటే అది వారి ఖర్మ. మిగతావారికి కొన్ని మెలకువలు.

ముందు కాళ్ళ సంగతి. క్లచ్ పోయింది కాబట్టి ఎడమ కాలికి పని లేదు. ఊరికే ఎందుకు కూర్చోబెట్టాలి? బ్రేకు దానికి అప్పగించండి. ఇన్నేళ్ళూ క్లచ్ తొక్కిన కాలది, తొక్కితే అడుగు దాకా తొక్కడమే దానికి తెలుసు. మొదటిసారికే సీటు బెల్టులు అందరినీ పట్టి బిగిస్తాయి. రెండు కాళ్ళూ ఒకేసారి తొక్కితే ఈ కాలపు కార్లు చాలావరకు బ్రేకు మాటే విని ఇంజిన్ పవర్ తగ్గించేస్తాయి. కంపెనీవాళ్ళకి మన మీద అంత నమ్మకం.

ఇక అసలు కిటుకు. నలభైలో పోతున్న బండిని ఆపుతుంటే గేర్‌బాక్స్ చూస్తూ ఊరుకోదు. నాలుగు నుంచి మూడుకీ, రెండుకీ, చివరికి ఒకటికీ దిగుతూ వస్తుంది. టార్క్ కన్వర్టర్ బండిలో అయితే గేరు మారిన ప్రతిసారీ లోపల ఒక క్లచ్ వదలాలి, ఇంకొకటి పట్టాలి. ఇదంతా ఆయిల్ ప్రెషర్ మీద, రెప్పపాటులో జరగాలి. కింది గేరు పడేకొద్దీ ఇంజిన్ కూడా చక్రాలను పట్టి లాగుతుంది. అంటే పెడల్ మీద మీ కాలు వెంట్రుకవాసి కదలకపోయినా బ్రేకు పెరిగినట్టే ఉంటుంది. చెయ్యి తిరిగిన డ్రైవరు సరిగ్గా ఆ వేళకి కాలు కాస్త తేలిక చేస్తాడు. మీరు మాత్రం ఇంకాస్త నొక్కండి.

దీనికంటే గొప్ప ప్రయోగం మనసు మార్చుకోవడం. ముందున్న ఆటో ఆగినట్టే ఆగి కదిలింది. మీరు పదిహేనులో ఉన్నారు, బండి రెండో గేరు వదిలి ఒకటో గేరు అందుకోబోతోంది. అప్పుడు బ్రేకు వదిలి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంతసేపూ ఆగడానికి సర్దుకుంటున్న కంప్యూటర్ తన లెక్కంతా చెరిపి మళ్ళీ వేసుకోవాలి. ఈలోగా ఇంజిన్ ఒక్కసారి గొంతు పెంచుతుంది, తర్వాత ధడేల్మని గేరు పడుతుంది. పడగానే మళ్ళీ బ్రేకు వెయ్యండి. ఆటో ఎటూ మళ్ళీ ఆగే ఉంటుంది.

ఫలితం వెనక సీట్లో తెలుస్తుంది. అత్తగారు ఒళ్ళో పెరుగు గిన్నె పెట్టుకుని, మూత మీద అరచెయ్యి అదిమిపట్టి కూర్చుంటారు. మూడో కుదుపుకి మూత అంచు నుంచి పెరుగు పట్టుచీర మీదికి దిగుతుంది. "బాబూ, గేర్లు కొత్తా?" అని అడుగుతారావిడ, మర్యాదగానే. "ఆటోమేటిక్ అండీ అత్తయ్యగారూ, గేర్లు అదే వేసుకుంటుంది" అని చెప్పండి. తప్పు మీది కాదని ఇంత తేలిగ్గా తేల్చే జవాబు మాన్యువల్ బండివాడికి లేదు.

ఆఖరి గజంలో ఇంకో అవకాశం ఉంది. బండి ఇక నిలుస్తుందనగా పెడల్ కొద్దిగా వదిలితే ముందుకి వంగిన ముక్కు నెమ్మదిగా లేచి బండి చప్పుడు లేకుండా ఆగుతుంది. వదలకుండా పట్టి ఉంచితే ముక్కు ఒక్క ఊపున వెనక్కి లేస్తుంది, హెడ్‌రెస్టులకి తలలు తగులుతాయి. వదలకండి.

అందరి బండ్లూ ఒకేలా సహకరించవు. 2014లో సెలెరియోతో మన దగ్గర జనంలోకి వచ్చిన ఏఎంటీ ఈ పనికి పుట్టిన బండి. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కేదీ గేరు మార్చేదీ మాత్రం మీరు కాదు, యంత్రమే. అది గేరు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలిస్తే కుదుపు సగం పోతుందని దాని యజమానులకి తెలుసు. తెలిసినా చెయ్యకపోవడంలోనే పట్టుదల ఉంది. రెండు క్లచ్‌ల డీసీటీ ఉన్నవారు ముందు బండికి జానెడు దూరంలో, బ్రేకు సగం వదిలి, అంగుళం అంగుళం పాకించండి. క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది, డ్రై క్లచ్ అయితే ఇంకా త్వరగా. ఇక సీవీటీ వాళ్ళని చూస్తే జాలేస్తుంది. బెల్టూ పుల్లీలూ తప్ప మెట్లే లేని బండిలో ఏం కుదుపుతారు? ఎలక్ట్రిక్ వాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. కాలు తీస్తే మోటారే బండిని పట్టి ఆపే రీజెన్‌ని పై లెవెల్లో పెట్టి యాక్సిలరేటర్ మీద నుంచి టక్కున కాలు తీయడమే.

గేర్‌బాక్స్ ఆయిల్, అంటే ఏటీఎఫ్ విషయంలో దృఢంగా ఉండండి. "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అని షోరూమ్‌లో అన్న మాట చాలు. ఎవరి లైఫ్‌టైమ్ అని అడగకండి. సాధారణంగా ఎర్రగా ఉండే ఏటీఎఫ్ నల్లబడి మాడు వాసన కొట్టినా, గేరు ఆలస్యంగా పడి దభీమన్నా, ట్రాఫిక్‌నే తిట్టండి. తప్పక మార్చాల్సి వస్తే మాన్యువల్ పుస్తకంలో రాసిన ఆయిల్ కాకుండా పక్క షాపులో ఉన్నది పోయించండి. ఇంజిన్ మౌంట్లు అరిగాయని మెకానిక్ అంటే నవ్వేసి ఊరుకోండి. వాటి పుణ్యాన చిన్న కుదుపు కూడా లోపలిదాకా పెద్దగా వినిపిస్తుంది.

ఇంకొక ధైర్యం. చాలా గేర్‌బాక్సుల కంప్యూటర్లు క్లచ్‌ల అరుగుదలతోపాటు మీ కాలి తీరును కూడా గమనించి లెక్కలు సవరించుకుంటాయి. కొన్నాళ్ళు ఓపిక పడితే అది మీ దారికి వస్తుంది. సర్వీస్ సెంటర్‌లో అడాప్టేషన్ రీసెట్ చేస్తామంటే ఒప్పుకోకండి. అంత కష్టపడి నేర్పిన చదువు!

నిజంగా గేర్‌బాక్సే చెడిపోయిన బండ్లూ ఉంటాయి, కాదనను. మీది ఏదో తేలకుండా చూసుకోవాలంటే ఫిర్యాదు చెయ్యడానికి ఉదయం పదింటికి, ఇంజిన్ చల్లారాక వెళ్ళండి. సర్వీస్ అడ్వైజర్ ఒక చుట్టు తిప్పుకొచ్చి "ఏం లేదు కద్సార్" అంటాడు. వేడెక్కిన బండితో, పక్కన మిమ్మల్ని కూర్చోబెట్టుకుని, మీరు చెప్పిన స్పీడులోనే నడిపి చూడమని మాత్రం అడక్కండి. జబ్బు బయటపడొచ్చు, లేదా అతని కాలి కింద మాయమవ్వొచ్చు. రెండూ మీకు నష్టమే.

ఇవన్నీ వంటబట్టాక బండి అమ్మేయాలనిపిస్తుంది. కొనేవాళ్ళు వస్తే తెల్లవారుజామునే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించండి. 158 కిలోమీటర్ల పొడవునా ఒక్క సిగ్నల్ లేదు, టాప్ గేరులో వెన్నలా పోతుంది. ఎవరైనా ఒకసారి కూకట్‌పల్లి లోపల కూడా నడిపి చూస్తానన్నారనుకోండి, ఆయనకి బండ్ల గురించి తెలుసన్నమాట. రేటు తగ్గించుకోండి.