కట్టేవాడికి ముందుగా ఒక మాట: కస్టమ్స్ మండలికి బహిరంగ లేఖ

గ్రహీత: అధ్యక్షులు, కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ మండలి, న్యూఢిల్లీ
పంపిన చోటు: సగరోళి, బిలోలి తాలూకా, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర
విషయం: విదేశాల నుంచి ఇంటి వాడకానికి వచ్చే సరుకుల మీద సుంకం, దాన్ని కట్టేవారికి అది తెలిసే వేళ

విదేశం నుంచి వచ్చే ప్రతి పార్సిల్‌తోనూ ముగ్గురికి పని ఉంటుంది. ధర రాసేది పంపినవాడు. విలువ కట్టేది కస్టమ్స్ అధికారి. డబ్బు కట్టేది తలుపు తీసిన మనిషి. మొదటి ఇద్దరూ తేల్చిన లెక్క మూడో మనిషికి అందరికన్నా ఆఖరున తెలుస్తుంది. ఈ లేఖలోని ఫిర్యాదు సుంకం మీద కాదు, ఈ వరస మీద.

సగరోళి మంజీర ఒడ్డున ఉన్న ఊరు. నది అవతల నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతం. 1956 నవంబరు 1 దాకా రెండు గట్లూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. ఆ రోజు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు మాత్రం తెలుగువైపు మిగిలాయి. సుంకం ఈ నేలకు కొత్త కాదు. నిజాం ప్రభుత్వంలో ఈ పని చూసే శాఖను కరోడ్‌గిరి అనేవారు. 1802లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన వాణిజ్య ఒప్పందం సుంకాన్ని సరుకు విలువలో 5 శాతంగా తేల్చింది. బండి కట్టకముందే వ్యాపారి వేళ్ల మీద వేసుకోదగిన లెక్క అది. ఇప్పుడు బోధన్ సరుకు సగరోళికి రావాలంటే సుంకపు నాకా ఏదీ అడ్డం లేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రెండు రాష్ట్రాల మధ్య పన్ను చెక్‌పోస్టులూ పోయాయి. మిగిలింది దేశపు గడప ఒక్కటే. గల్ఫ్‌లో పనిచేసే ఈ సీమ మనుషులు ఇంటికి పంపేవన్నీ దాన్నే దాటాలి.

దాటే పద్ధతి ఇలా ఉంటుంది. పోస్టులో వచ్చే పెట్టె మీద సీఎన్ 22 అనే చిన్న చీటీ గానీ, విలువ ఎక్కువైతే సీఎన్ 23 గానీ అంటించి ఉంటుంది. లోపల ఏముంది, బరువెంత, ధరెంత అన్నది పంపినవాడు దాని మీద రాస్తాడు. ముంబయి, ఢిల్లీ, చెన్నై వంటి చోట్ల ఉన్న ఫారిన్ పోస్టాఫీసులో అధికారి దాన్ని చూసి, అనుమానం వస్తే పెట్టె విప్పించి, సుంకం నిర్ణయిస్తాడు. ఆ మొత్తాన్ని పోస్ట్‌మాన్ ఇంటి దగ్గర వసూలు చేస్తాడు. కొరియరులో వస్తే ముందు ఆధార్ లాంటి గుర్తింపు కాగితాలు అడుగుతారు, తర్వాత బిల్లు వస్తుంది.

విలువ అంటే వస్తువు ధర ఒక్కటే కాదు. కస్టమ్స్ చట్టం 1962లోని సెక్షన్ 14, దాని కింద వచ్చిన 2007 విలువ నిర్ధారణ నియమాలు రవాణా ఖర్చునూ బీమానూ అందులో కలుపుతాయి. రవాణా ఖర్చు తెలియకపోతే ధరలో 20 శాతం, బీమా తెలియకపోతే 1.125 శాతం వేసుకోమంటాయి. అంటే పోస్టు ఖర్చు ఒకసారి పోస్టాఫీసుకు కట్టి, దాని మీద సుంకం మరోసారి కట్టాలి.

ఒక లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. సొంత వాడకానికి తెప్పించుకునే సరుకులు టారిఫ్‌లో 9804 శీర్షిక కిందికి వస్తాయి. 2018 బడ్జెట్ తర్వాత కొన్నేళ్లు వీటి మీద మూల సుంకం 35 శాతం, ఆ సుంకం మీద సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 10 శాతం, అన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ 28 శాతం ఉండేవి. 8,000 రూపాయల చేతి గడియారానికి 2,000 పోస్టు ఖర్చు అయిందనుకుందాం. బీమా పక్కన పెడితే విలువ 10,000. మూల సుంకం 3,500, సర్‌ఛార్జి 350. ఇప్పుడు 13,850 మీద ఐజీఎస్టీ 3,878. మొత్తం 7,728 రూపాయలు. 8,000 గడియారానికి దాదాపు అంతే సుంకం. అప్పటికే 20 శాతానికి దిగిన ఈ శీర్షిక మూల సుంకాన్ని 2026–27 బడ్జెట్ 10 శాతానికి తగ్గించింది. రేటు తగ్గినందుకు మండలికి కృతజ్ఞతలు. కట్టాల్సింది ఎంతో అందుకునేవారికి ముందుగా చెప్పే ఏర్పాటు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

కానుకల సంగతి ఇంకా ముచ్చటైనది. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు కానుకకు సుంకం లేదు. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ దాన్ని ఎత్తేసింది. కానుక పేరుతో పోస్టులో, కొరియరులో వచ్చేవి నిషిద్ధం. మినహాయింపు రెండింటికే: ప్రాణరక్షక మందులు, రాఖీ. రాఖీతో పాటు వచ్చే బహుమతికి ఇది వర్తించదని నోటిఫికేషన్ విడిగా చెప్పింది. పూర్తి సుంకం కడితే కానుకకూ అభ్యంతరం లేదని అదే నోటిఫికేషన్ వివరణ. నూలుపోగు వరకు ఆప్యాయత, ఆపైన ఆదాయం అన్నమాట. దోహాలోనో డల్లాస్‌లోనో ఉన్నవాడు సీఎన్ 22 మీద ‘కానుక’ గడిలో మనస్ఫూర్తిగా టిక్కు పెడతాడు. పెట్టెను ఆపేది ఆ టిక్కే అని అతనికి చెప్పేవారు లేరు.

మందుల దగ్గర ప్రభుత్వం చేయి చాచిందన్నది ఒప్పుకోవాలి. జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021లో చేరిన జబ్బులకు సొంత వాడకానికి తెప్పించుకునే మందులకూ ప్రత్యేక వైద్య ఆహారానికీ 2023 ఏప్రిల్ 1 నుంచి మూల సుంకం లేదు. జిల్లా సివిల్ సర్జన్ ధ్రువపత్రం ఉంటే చాలు. ఏ కాగితం కావాలో ముందే రాసి పెట్టిన నియమం కాబట్టి ఇది పనికొస్తోంది.

పోస్టు పెట్టెలో వచ్చే వస్తువే మనిషి చేతి సంచిలో వస్తే కథ మారుతుంది. 2016 బ్యాగేజీ నియమాల్లో విమాన ప్రయాణికుడు 50,000 రూపాయల దాకా సరుకు సుంకం లేకుండా తెచ్చుకునే వీలుండేది. 2026 నియమాలు దాన్ని 75,000 చేశాయి. పైన లెక్కవేసిన గడియారం గల్ఫ్‌లోని అన్న సూట్‌కేసులో వస్తే సుంకం సున్నా, అతను దాన్నే పోస్టులో వేస్తే వేలల్లో. గల్ఫ్ ఊళ్లలో ‘ఎవరైనా వచ్చేవాళ్లుంటే పంపు’ అనే మాట పుట్టింది ఈ తేడాలోంచే. బ్యాగేజీ కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. రూపాయి జారిపోతున్న 2013 ఆగస్టు 26న ఫ్లాట్ టీవీలకు ఉచిత పరిమితి తీసేశారు. ఏళ్ల తరబడి గల్ఫ్ రాకకు గుర్తుగా ఇంటికొచ్చిన టీవీ మీద ఆ రోజు నుంచి 36.05 శాతం పడింది.

సుంకం ముందుగా చెప్పడం సాధ్యం కాదనే జవాబు వస్తుందేమో. సాధ్యమేనని తపాలా శాఖే చూపించింది. అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి రద్దు చేయబోతుండగా, ఆగస్టు 25న ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లే పార్సిళ్లు చాలావరకు ఆగాయి. ఆవకాయ జాడీలు, పట్టు చీరల పెట్టెలు ఇక్కడే నిలిచాయి. అక్టోబరు 15న సేవ మళ్లీ మొదలైనప్పుడు అమెరికా సుంకాన్ని, అప్పట్లో ప్రకటించిన విలువలో 50 శాతాన్ని, బుకింగ్ కౌంటర్ దగ్గరే పంపేవారి నుంచి వసూలు చేశారు. అందుకునేవారికి తలుపు దగ్గర బిల్లు లేదు. రేటు బరువే అయినా లెక్క కళ్ల ముందు ఉంది.

కాబట్టి మండలికి మూడు మనవులు.

1. విదేశీ పార్సిల్ ఫారిన్ పోస్టాఫీసు దాటకముందే విలువ, రవాణా, రేటు, మొత్తం విడివిడిగా అందుకునేవారి ఫోనుకు పంపాలి. తీసుకోవాలో వెనక్కి పంపాలో వారు అప్పుడే చెప్పే వీలుండాలి.

2. పంపినవాడు రాసిన ధరను అధికారి మారిస్తే కారణం ఒక వాక్యంలో ఇవ్వాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి పత్రం వేసే పెద్ద దిగుమతిదారుకు సెక్షన్ 17(5) కింద 15 రోజుల్లో కారణాలతో ఉత్తర్వు ఇస్తారు. చిన్న పెట్టెకు ఆ ఒక్క వాక్యమైనా దక్కాలి.

3. కానుకలు, మందులు, నిషిద్ధ వస్తువుల నియమాలు తెలుగులో, మరాఠీలో తాలూకా పోస్టాఫీసుల గోడ మీద ఉండాలి.

ఈ మూడింటితో ఖజానాకు ఒక్క రూపాయి తగ్గదు. అమెరికా ఖజానా కోసం కౌంటర్‌లో చేసిన పనిని సొంత ఖజానా కోసమూ చేయమనడమే ఇది.

ఇట్లు,
పార్సిల్ అందుకునేవారి పక్షాన,
సగరోళి