చెంబు మావయ్య

ప్రతి ఇంట్లోనూ లైట్లు ఆర్పే మనిషి ఒకడు ఉంటాడు. మనం గదిలోంచి ఇంకా బయటికి రాకముందే స్విచ్చు మీద చెయ్యి వేస్తాడు. మా మావయ్యదీ అదే కులం. కాకపోతే శాఖ వేరు. ఆయనది నీళ్ల శాఖ.

ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో, రాత్రిపూట సముద్రం హోరు వినబడేటంత దగ్గరలో, కొబ్బరిచెట్ల మధ్య ఆయన ఇల్లు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పిల్లలు తప్పించుకున్నాక ఆ లెక్కలన్నీ నీళ్ల మీద పడ్డాయి. ఊళ్లో చెంబు మాస్టారంటారు. మేం చెంబు మావయ్య అంటాం. మొహం మీద ఎవరూ అనరు గాని ఆయనకు తెలుసు. తెలిసీ చెంబు వదలడు.

ఆ చెంబు ఇత్తడిది. లీటరు పడుతుంది. లోపలివైపు మేకుతో గీసిన గీతలుంటాయి: పావు, అర, ముప్పావు. భోజనం చేసి లేచినవాడికి చెయ్యి కడుక్కోమని చెంబు ఇవ్వడు, తానే వచ్చి పోస్తాడు. మా చెల్లెలి మొగుడు పెళ్లయిన కొత్తలో దీన్ని మర్యాద అనుకుని పొంగిపోయాడు. "అంత పెద్దాయన నా చేతుల మీద నీళ్లు పోశారండీ" అని వాళ్ల ఊళ్లో చెప్పుకున్నాడు కూడా. రెండోసారి వచ్చినప్పుడు పొరపాటున "ఇంకొంచెం పొయ్యండి" అన్నాడు. మావయ్య చెంబులోకి తొంగి చూసి, "పావు గీత అయిపోయింది బాబూ. నెయ్యి వేసుకున్నావా? వేసుకుంటే చెప్పు, ఇంకో గుక్కెడు పోస్తాను" అన్నాడు.

ఇక స్నానం. ఇంట్లో బాత్రూం ఉంది, టైల్స్ కూడా వేయించాడు. అందులో జీడిపిక్కల బస్తాలు ఉంటాయి. మనుషుల స్నానం పెరట్లో, కొబ్బరిచెట్ల మొదట్లో. నాలుగు చెట్లు, నాలుగు దడులు, నాలుగు బండలు. పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని వెళితే మావయ్య మన వంక చూడడు. చెట్ల వంక చూసి, ఏది వాడిందో తేల్చుకుని, "ఆ మూలదాని దగ్గరికి వెళ్లు" అంటాడు. సబ్బు వాడితే ఒప్పుకోడు, చెట్టుకు పడదట. సున్నిపిండీ కుంకుడుకాయే.

ఒక భోగినాడు నెత్తి నిండా కుంకుడు నురగతో, కళ్లు గట్టిగా మూసుకుని, బకెట్లో చెయ్యి పెడితే అడుగు తగిలింది. కుళాయి తిప్పితే రాలేదు.

"మావయ్యా! నీళ్లు ఆగిపోయాయి!"

"ఆగలేదు, ఆపాను. తలకి మూడు చెంబులు, ఒంటికి ఆరు. నువ్వు ఇప్పటికి పదకొండు పోసుకున్నావు."

దడి అవతల కుర్చీ వేసుకుని, పేపరు చదువుకుంటూ, చప్పుడును బట్టి లెక్కపెట్టాడు. కళ్లు మండుతున్నాయని మొత్తుకుంటే దడి మీంచి అర చెంబు అందించాడు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నానని ఎవరైనా అంటే కాదనను.

వంటింట్లో ఏ నీళ్లూ ఒక్క పనితో బయటపడవు. బియ్యం కడిగినవి కుడితి గోలేనికి, కూరలు కడిగినవి మునగచెట్టుకి, బట్టలు జాడించినవి వాకిలికి. "ఈ ఇంట్లో నీళ్లకున్నన్ని ఉద్యోగాలు మనుషులకి లేవురా" అంటుంది అత్త.

టెక్కలిలో మా ఇంటికి వచ్చిన మొదటి రోజే ఫ్లష్ ట్యాంకు మూత తీసి, నీళ్లు నింపిన లీటరు సీసాను అందులో నిలబెట్టాడు. నొక్కినప్పుడల్లా లీటరు మిగులు. ఆర్వో మిషను వెనక గొట్టం కింద బకెట్టు పెట్టి, సాయంత్రానికి మా ఆవిడను పిలిచి చూపించాడు. శుద్ధి అయిన నీళ్లకంటే అది గెంటేసిన నీళ్లే ఎక్కువ. అప్పట్నుంచి మా ఇల్లు తుడిచేది ఆ నీళ్లతోనే. పక్కింటివాళ్ల కుళాయి కారుతుంటే గోడ మీంచి, "సెకనుకో చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు తల్లీ" అని లెక్క అప్పజెప్పాడు. మర్నాడు పానా, వాషరు పట్టుకుని, పిలవకుండానే వెళ్లి బాగుచేసి వచ్చాడు. ఆయన వస్తున్నాడని తెలిస్తే ఆ వీధిలో ఇప్పుడు కుళాయిలన్నీ బిగుస్తాయి.

కూతురి పెళ్లి కాశీబుగ్గలో చేశాడు. ప్రతి విస్తరి పక్కనా అర లీటరు సీసా. బంతి లేవగానే సగం తాగి వదిలేసినవి వరసగా కనబడ్డాయి. అంతే, కోపానికి మాస్టారి భాష పోయి ఊరి భాష వచ్చేసింది: "ఏటిది? రెండు గుక్కలు తాగీసి ఒగ్గీసినారేటి?" పట్టుపంచె పైకి కట్టి, బకెట్టు పట్టుకుని, ఒక్కొక్క సీసా వంచుతూ బయల్దేరాడు. మగపెళ్లివారి తరఫు పెద్దమనిషి ఒకాయన, ఖాళీ సీసాలు ఏరే మనిషి కాబోలనుకుని, పది రూపాయల నోటు చేతిలో పెట్టాడు. మావయ్య నోటు తిరిగి ఇచ్చేసి, "పెళ్లికూతురి తండ్రినండీ" అని నమస్కారం పెట్టి, ఆయన చేతిలోని సీసా వంక చూసి, "అది పూర్తిగా తాగి ఇవ్వండి" అన్నాడు. ఆయన నిలబడి తాగాడు.

వాన పడితే అందరూ లోపలికి వస్తారు, ఈయన బయటికి వెళతాడు. డాబా మీంచి గొట్టం దించి, నూతి పక్కన కంకర, ఇసక పోసిన గుంతలో కలిపాడు. అది ఎలా తాగుతోందో దగ్గరుండి చూడాలి. "చదరపు మీటరు మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్లు. మన జిల్లాలో ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్లకు తక్కువ పడదు. నూరు చదరపు మీటర్ల డాబాకి ఎన్ని?" అని దారిన పోయేవాణ్ణి ఆపి అడుగుతాడు. లక్ష లీటర్లు అని చెబితే వదిలేస్తాడు. చెప్పకపోతే వానలోనే పాఠం.

ఇంత వాన పడే చోట, ఇసకలో కాస్త తవ్వితే నీరు ఊరే చోట ఈ పిసినారితనమేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. ఉద్దానం వాళ్లు అడగరు. ఇక్కడ నీళ్లకు కరువు లేదు, తాగడానికే భయం. దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. కారణం ఇదీ అని తేలలేదు. శ్రీలంక వరి పొలాల్లోనూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇలాంటిదే ఉంది. అక్కడ ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడాన్ని కూడా అనుమానిస్తున్నారు. ఇక్కడ చాలామంది అనుమానం నీళ్ల మీద. రెండు రూపాయలకు 20 లీటర్లిచ్చే ఎన్టీఆర్ సుజల డబ్బా కోసం సైకిళ్లు వరస కట్టాయి.

మావయ్య అన్నగారు ఆ జబ్బుతోనే డయాలసిస్ మీద ఉండేవాడు. ఆ స్థితిలో రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరే కొలిచి చెబుతాడు. చెంబులో గీతలు మొదట ఆయన కోసం గీసినవి. ఆయన పోయాక అవి మా మీదికి వచ్చాయి.

ఇంకో సంగతి చెప్పకపోతే పాపం. ఎండాకాలంలో జీడితోటలో పిక్కలు ఏరే కూలీల దగ్గరికి ఈ మనిషే డబ్బా మోసుకుని వెళతాడు. చేతిలో అదే చెంబు. "తాగమ్మీ, నిండా తాగు. బేగి తాగీసి పరిగెత్తీకు, పనెక్కడికీ పోదు" అని వెంటపడతాడు. రెండు గుక్కలతో సరిపెట్టే మనిషి మీద, నా పదకొండు చెంబుల మీద పడ్డంత కోపమూ పడుతుంది. అక్కడ గీతలు లెక్కలోకి రావు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస పక్కనే తీరం దాటినప్పుడూ అంతే. రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు మూగబోయాయి. అప్పటిదాకా నవ్విన ఊరంతా ఆయన నూతి గిలక దగ్గర నిలబడింది. "మరిగించి తాగండి" అన్న మాట తప్ప పాఠం చెప్పలేదు, బిందెలకు బిందెలు తోడి పోశాడు. స్నానం చెట్లలో మూడు కూలిపోయాయి. వాటి చోట ఇప్పుడున్న మూడూ ఆ తరవాత నాటినవి. అందుకే వాటికి మనకంటే ముద్దెక్కువ.

2023 డిసెంబరు 14న, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రితోబాటు, హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల సుజలధార పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఆ నీళ్లను మావయ్య దూరాభారం నుంచి వచ్చిన చుట్టాల్లా చూస్తాడు. ఎవరైనా కుళాయి వదిలేస్తే, "హిరమండలం నుంచి వచ్చాయిరా, కాలవలోకి గెంటేస్తావా?" అని పరిగెత్తుకొస్తాడు. ఈ మధ్య విశాఖ హోటల్లో గీజరు వేడెక్కేలోపు వచ్చే చన్నీళ్లు నేను బకెట్లో పట్టి పక్కన పెడుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "మేనమామ పోలిక" అంది. నేనేం మాట్లాడలేదు.

మీలో ఎవరైనా ఉద్దానం వైపు వెళ్లి మా మావయ్య ఇంట్లో దిగాల్సివస్తే ఒక్క మాట. స్నానం చేసి వెళ్లండి. దాహంతో వెళ్లండి.