టాప్ గేరులో పౌరుషం

డీజిలు జీపును తారురోడ్డు మీద నడిపేటప్పుడు గేరు ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు యంత్రశాస్త్రం ఒక సమాధానమూ, కర్నూలు నుంచి ఓర్వకల్లు మీదుగా నంద్యాల వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి మరొక సమాధానమూ ఇస్తాయి. యంత్రశాస్త్రం ప్రకారం ఇంజను వేగానికీ చక్రాల వేగానికీ పొత్తు కుదర్చడానికి పెట్టిన పళ్లచక్రాల అమరికే గేరుబాక్సు. రహదారి ప్రకారం అది డ్రైవరు పరువును కొలిచే సాధనం, అందులో అంకె పెరిగితే మర్యాద పెరిగినట్టు, తగ్గితే వంశానికి తలవంపులు తెచ్చినట్టు. ఈ రెండు సిద్ధాంతాల మధ్య పడి అరిగిపోయేది క్లచ్ ప్లేటు.

ఓర్వకల్లు పరిసరాలు కొండలూ గుట్టలూ ఎక్కే బండ్ల కోసమే పుట్టినట్టుంటాయి. ఇక్కడి ఎర్రమల కొండల గట్టిరాతి పొరకు భూగర్భ శాస్త్రవేత్తలు పక్కనున్న పాణ్యం పేరే పెట్టి పాణ్యం క్వార్ట్‌జైటు అంటారు. ఇసుకరాయి భూగర్భంలోని ఒత్తిడికీ మార్పులకీ లోనై గాజంత గట్టిపడితే క్వార్ట్‌జైటు అవుతుంది. కడప, కర్నూలు శిలల గురించి విలియం కింగ్ అనే శాస్త్రవేత్త 1872లోనే ఒక పెద్ద గ్రంథం రాశాడు గాని, ఆ శిలల మీదికి ఏ గేరులో ఎక్కాలో అందులో చెప్పే అవకాశం పాపం ఆయనకు లేకపోయింది. చెప్పినా ఇప్పుడు పెద్దగా ఉపయోగం ఉండేది కాదు, ఎందుకంటే రాళ్లు ఎక్కడానికి తయారైన వాహనాలు నేడు ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు వచ్చి, రాళ్ల ముందు నిలబడి, యజమానితో సహా ఫొటో దిగి, మళ్లీ నాలుగు వరుసల రోడ్డెక్కి వెళ్లిపోతున్నాయి. అందుచేత ఈ పరిశీలన కూడా తారురోడ్డుకే పరిమితం.

ముందుగా డీజిలు ఇంజను స్వభావం తెలియాలి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని అంటిస్తే, డీజిలు ఇంజనులో గాలినే బాగా అదిమి, ఆ వేడికి ఇంధనం తనంతట తాను అంటుకునేలా చేస్తారు. ఇలాంటి ఇంజనులో టార్కు, అంటే ఇరుసును తిప్పే బలం, తక్కువ చుట్ల దగ్గరే అందుతుంది. తిరునాళ్లలో బండలాగుడు పోటీకి దిగిన ఒంగోలు జత మొదటి అడుగులోనే మెడ వంచి బలమంతా పెట్టినట్టు, ఇది కూడా పరుగు అందుకోకముందే గుంజుతుంది. 2020 అక్టోబరు 2న మార్కెట్లోకి వచ్చిన కొత్త మహీంద్రా థార్ డీజిలు బండి నిమిషానికి 1,600 నుంచి 2,800 చుట్ల మధ్య తన పూర్తి టార్కు 300 న్యూటన్ మీటర్లను ఇస్తుంది. ఈ పరిధికి కింద ఇంజను మూలుగుతుంది, పైన అరుస్తుంది, మధ్యలో మాత్రం చెప్పిన పని చేస్తుంది. దీనికి తోడు డీజిలు ఇంజనుకు గవర్నరు అనే ఏర్పాటు ఉంటుంది. కాలు యాక్సిలరేటరు మీద లేకపోయినా, ఇంజను ఆగిపోయేంత నెమ్మదిస్తే అదే కాస్త ఎక్కువ ఇంధనం అందించి నిలబెడుతుంది. మొదటి గేరులో క్లచ్ మెల్లగా వదిలితే చాలు, రైజు చేయకపోయినా జీపు కదిలిపోవడం ఈ గవర్నరు చలవే.

సరిగ్గా ఈ మంచితనమే రాయలసీమ డ్రైవరును చెడగొట్టింది. పాత డీజిలు జీపు టాప్ గేరులో గంటకు ముప్పై కిలోమీటర్లకు దిగినా ఆగిపోదు, డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు వణుకుతాడు, తలుపులు పళ్లు కొరుకుతాయి, ఇంజను లోపలి నుంచి ఎవరో సుత్తితో కొడుతున్నట్టు నాకింగు మొదలవుతుంది, అయినా బండి ముందుకే పోతుంది. బండి పోతున్నంతసేపు గేరు తగ్గించనవసరం లేదన్నది ఇక్కడి ప్రధాన సిద్ధాంతం. ఎదురుగా మిట్ట కనబడినా, ముందు చెరకు ట్రాక్టరు అడ్డొచ్చినా, బర్రెల మంద రోడ్డు దాటుతున్నా టాప్ గేరు చెక్కుచెదరదు. మరీ తప్పనిసరైతే క్లచ్‌ను సగం నొక్కి పట్టుకుని ఆ గండం గట్టెక్కుతారు. దీనికే హాఫ్ క్లచ్ అని పేరు. క్లచ్ ప్లేటు సగం పట్టి సగం జారుతూ వేడెక్కి, కాలిన వాసన వస్తుంటే, ఆ వాసన ముందు పోతున్న లారీదని పక్కవారికి చెప్పడం ఈ పద్ధతిలో అంతర్భాగం.

శాస్త్రం చెప్పేది మరొకటి. మిట్ట ఎక్కడం మొదలుపెట్టాక ఇంజను కుంగేదాకా ఆగి గేరు తగ్గించడం కాదు, మిట్ట కనబడగానే, బండికి ఇంకా ఊపు ఉన్నప్పుడే, ఒక గేరు తగ్గించి ఎక్కాలి. మిట్ట మధ్యలో గేరు మార్చబోతే క్లచ్ నొక్కిన ఆ రెండు క్షణాల్లోనే బరువు బండిని వెనక్కి లాగి వేగం పడిపోతుంది. మూడో గేరు వేద్దామని మొదలుపెట్టినవాడు రెండు వెతుక్కోవలసి వస్తుంది, రెండు దొరికేసరికి ఒకటి కావలసి వస్తుంది. 1989లో కేంద్రం చేసిన రహదారి నియమాలలో కొండదారి మీద కిందికి దిగే బండి పైకెక్కే బండికి దారి ఇవ్వాలని ఉండడానికి ఒక మంచి కారణం ఇదే. ఎదుటివాడికి దారి ఇవ్వడమనే భావన ఈ ప్రాంతంలో వేళ్లూనుకోవడానికి మరికొంత కాలం పట్టవచ్చు.

గేరు విద్య నిజంగా శిఖరం అందుకున్నది మాత్రం సర్వీసు జీపుల కాలంలో. ఊరికీ ఊరికీ మధ్య తలా ఇంత అని తీసుకుని జనాన్ని చేరవేసే ఆ జీపుల్లో డ్రైవరు తన సీటుకు తాను యజమాని కాడు. అతనికి ఎడమవైపు ఇద్దరు ముగ్గురు, కుడివైపు కూడా ఒకరు కూర్చుంటారు, అతడు మధ్యలో స్టీరింగుకు అడ్డంగా ఒదిగి, సగం దేహంతో బండి నడిపి, మిగతా సగంతో చిల్లర లెక్కపెడతాడు. గేరు రాడ్డు ఎడమవైపు కూర్చున్న పెద్దాయన రెండు మోకాళ్ల మధ్య నుంచి మొలిచి ఉంటుంది. దాని కొసన అద్దంలా మెరిసే ప్లాస్టిక్కు గుండు, గుండు లోపల ఎర్ర గులాబీ. ఏ గేరు ఎటువైపో చూపే అంకెలు మాత్రం ఏనాడో అరిగిపోయాయి, వాటి అవసరమూ లేదు. ఒకటో గేరుకు, మూడో గేరుకు పెద్దాయనతో పేచీ లేదు. రెండోదీ నాలుగోదీ వెనక్కి లాగవలసినవి కాబట్టి అవి సీటు అంచునూ, ఆయన పంచెనూ, ఒక్కోసారి ఆయన ఒడిలోని సంచినీ దాటుకుని పోవాలి. అందుచేత గేరు మార్పు అనేది డ్రైవరు ఒక్కడి చేత అయ్యే పని కాదు. “పెద్దాయనా, కాలు కొంచెం అట్ల పెట్టుకో, సెకండు వేసుకుంటా” అని మనవి చేసుకోవాలి. ఆయన కాలు తీసేలోగా మిట్ట దాటిపోతే ఆ గేరు ఆ రోజుకు అనవసరం. రోజూ ఎక్కే ప్రయాణికులు ఇంజను గొంతు మారగానే చెప్పకుండానే మోకాలు జరిపేవారు, ఇంకొందరు “వెయ్యప్పా, నాలుగు వెయ్యి” అని సలహా కూడా ఇచ్చేవారు. చుట్ల మీటరు లేని బండిలో ఆ మోకాలే మీటరు.

ఆ తరం డ్రైవర్లకు చెవితో గేరు మార్చడం తెలుసు, డబుల్ క్లచ్ తెలుసు. మహీంద్రా సంస్థ మన దేశంలో బిగించిన తొలినాటి విల్లీస్ జీపు గేరుబాక్సులో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. కలవబోయే రెండు పళ్లచక్రాల వేగాలను ముందుగా సమానం చేసే ఇత్తడి రింగుల ఏర్పాటే సింక్రోమెష్, దాన్ని 1928లో కాడిలాక్ కార్లలో తొలిసారి వాడారు. ఆ ఏర్పాటు లేనిచోట పని డ్రైవరు కాలి మీద పడుతుంది. క్లచ్ నొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, ఇంజనును ఒక్కసారి రైజు చేసి, మళ్లీ క్లచ్ నొక్కి తక్కువ గేరు వేయాలి. మధ్యలో ఇచ్చే ఆ రైజు ఎంతన్నదే విద్య. తక్కువైనా ఎక్కువైనా గేరుబాక్సు ఊరంతటికీ వినబడేలా తిడుతుంది. కొత్త బండ్లలో అన్ని గేర్లకూ రింగులు ఉండడం వల్ల ఈ తిట్లు తగ్గాయి గాని, పాత చెవి ఉన్నవారు నేటికీ అలవాటు కొద్దీ డబుల్ క్లచ్ కొడతారు, దానివల్ల నష్టమేమీ లేదు.

ఈ విద్యకు తెలుగు సినిమా చేసిన ద్రోహం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సుమంత్ మూల్గావ్‌కర్ అనే పెద్దమనిషి పేరులోని అక్షరాలతో 1994లో టాటావారు తెచ్చిన సుమో, ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఆది’ (2002) కాలానికి సీమకు అధికారిక వాహనంగా తెర మీద స్థిరపడింది. వరసగా వచ్చే సుమోలు, దుమ్ము, ఆపై పేలుడు, ఒక సుమో ఆకాశంలోకి లేవడం. ఈ క్రమంలో ఎవరూ రెండో గేరు వేసినట్టు చూపరు. గాలిలో ఉన్న బండికి ఏ గేరైనా ఒకటే కాబట్టి దర్శకులను తప్పుపట్టడానికి లేదు. ఓర్వకల్లులో టికెట్టు కొన్న జనంతో వాహనాలు గాలిలోకి లేవడం 2021 మార్చి 28 నుంచి మాత్రమే మొదలైంది, అవి విమానాలు, ఆ విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

నేల మీది బండికి మాత్రం ఎక్కడం కన్నా దిగడంలోనే అసలు పరీక్ష. పాణ్యానికి ముందు తమ్మరాజుపల్లె ఘాటులోగాని, నంద్యాల దాటాక గిద్దలూరు వైపు నల్లమల ఘాటులోగాని దిగుడు రాగానే న్యూట్రల్ చేసి వదిలేస్తే డీజిలు మిగులుతుందని గట్టి నమ్మకం ఒకటుంది. జరిగేది దీనికి తలకిందులు. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీది కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి, ఇంధన పంపు డీజిలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి డీజిలు తాగుతూనే ఉంటుంది. పైగా బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు విడుస్తాయి. పెట్రోలు ఇంజనుకున్నట్టు గాలిని అడ్డగించే తలుపు డీజిలుకు సాధారణంగా ఉండదు కాబట్టి, ఎక్కువ గేరులో దాని నిలువరింపు అంతంతమాత్రమే. అందుకే ఎక్కడానికి ఏ గేరు కావలసి వస్తుందో దిగడానికీ అదే గేరు వేయాలని పాత లారీ డ్రైవర్లు కుర్రాళ్లకు నేర్పేవారు. మిగిలిందనుకున్న డీజిలు డబ్బు మెకానిక్కు బ్రేకు లైనర్ల రూపంలో తీసుకుంటాడు.

ఇక మిగిలింది గేరు రాడ్డు పక్కనున్న రెండో రాడ్డు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు కూడా పంచడం, లో రేంజిలో ఆ బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేయడం దాని పని. వానాకాలం నల్లరేగడిలో దిగబడినప్పుడు దానికి మించిన బంధువు లేడు. అయితే మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం పోవాలి. మట్టిలో అయితే టైర్లు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటాయి, తారు మీద జారే వీలుండదు, దాంతో ఇరుసుల మధ్య మెలిక బిగుసుకుపోయి రాడ్డు ఇరుక్కుంటుంది. ఇలాంటి బండ్లను పొడి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపరాదనడం ఇందుకే. ఊరేగింపుల్లో ముందు నడిచే బండికి మాత్రం ఇది వర్తించదని కొందరి అభిప్రాయం. నాయకుడు నిలబడి చేతులు జోడిస్తుండగా నాలుగు చక్రాలూ గుంజాలి గదా. బస్టాండు మలుపు తిరిగేసరికి బండి బిగుసుకుని మూలుగుతుంది, డ్రైవరు రాడ్డును రెండు చేతులా లాగినా రాదు. దీనికి విరుగుడు తేలిక, బండిని తిన్నగా కొన్ని గజాలు వెనక్కి నడిపితే మెలిక విడిపోతుంది. అందుకోసం ముందుగా వెనకనున్న డప్పులను ఆపించి, బైకులన్నిటినీ తిప్పించి, నాయకుడు రివర్సులో వస్తున్నాడని జనానికి మైకులో చెప్పవలసి ఉంటుంది.